వీధి వాకిలి – ఇంటి వాకిలి

తెల్లవారకమునుపే లేచి, వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టుట తెలుగింటి యిల్లాలికి దినచర్యలో మొదటి పని. ముగ్గు లేని వాకిలిని చూచినవారు ఆ యింట నేదో కీడు జరిగినదని శంకింతురు. కాని మన పట్టణములలో ప్రతిదినమును ముగ్గు లేకయే తెల్లవారు వాకిళ్ళు కొన్ని గలవు. అవి మన వీధులను ఊడ్చు స్త్రీల వాకిళ్ళు. తమ యింటిముందు కళ్ళాపి చల్లవలసిన వేళకు వారు మన యింటిముందు పొరక పట్టుకొని యుందురు.

ఈ సంగతి మాకు గ్రంథములవలన తెలియలేదు. ఒక బాలికవలన తెలిసినది. మేము రాయలసీమలోని యొక పట్టణమున ఉపాధ్యాయులము. మా యెనిమిదవ తరగతిలో నొక బాలిక వారమునకు మూడు నాలుగు దినములు ప్రార్థన ముగిసిన పిమ్మట వచ్చుచుండెను. ఆలసించినవారిని తరగతి వెలుపల నిలుపుట మా నియమము. మూడు నెలలు ఆ నియమమును తప్పక నడపితిమి. కారణము మేమడుగలేదు; ఆమె చెప్పలేదు. నాల్గవ నెలలో తల్లి వచ్చినది. పనిచోటినుండి తిన్నగా వచ్చినందున ఆమె తలపై దుమ్మింకను తుడిచికొనలేదు.

“సారూ, ఆరింటికంతా ఆడ నా వేలు పడల్ల. పడకుంటే ఆ దినం కూలి లేదు. నేను పోయినంక చిన్నోన్ని లేపి, మొగం కడిగి, ఇంత తినబెట్టి అంగనవాడికి తోలుకపొయ్యేది ఈ పాపే. అది తెరిచేది తొమ్మిదింటికి. తప్పు నాది సారూ, పాపను బయట నిలబెట్టొద్దండి” అని యామె చెప్పెను.

మేము బదులు చెప్పలేకపోతిమి. తల్లి వేలిముద్ర అక్కడి పట్టీలో సకాలమున పడుచున్నందువలననే, ఇక్కడి మా పట్టీలో కూతురి పేరునకెదుట ఆలస్యపు గుర్తు పడుచున్నది. ఆ గుర్తు వేసిన చేయి మాదే. వీధులూడ్చువారి చరిత్ర వ్రాసినవారు కులమును గూర్చియు, కూలిని గూర్చియు వ్రాసిరి. అది యెంతయు నవసరము. కాని వారి పని వేళకును ఇంటి వేళకును గల విరోధము ఆ చరిత్రలో ఒక మూలసూత్రమని మాకు తోచినది. ఆ తల్లియొక్క తల్లియు, మేనత్తయు బెంగళూరు వీధులలో ఈ పనియే చేసినవారట. కావున ఆ నగరమునే ముఖ్యోదాహరణముగా గైకొని యీ విషయమును విచారింతము.

సంస్కృతము చదివినవారము గనుక మొదట అర్థశాస్త్రమును తెరచి చూచితిమి. నగరపాలనమును చెప్పు నాగరికప్రణిధి యను అధ్యాయమున, వీధిలో దుమ్ము పోసినవానికి పణములో నెనిమిదవ భాగమును, బురదనీటితో దారి నడ్డగించినవానికి నాల్గవ భాగమును దండనగా విధించి, రాజమార్గమున నైనచో రెట్టింపు చేసినారు. మలినము చేసినవాడే బాధ్యుడను నీతి అందు స్పష్టముగా నున్నది. తరువాతి కాలమున ఆ నీతి తలక్రిందులైనది. మలినము చేయువాడు గృహస్థుడుగను, దానిని ఎత్తువాడు అంటరానివాడుగను నిలిచిపోయిరి.

ఆంగ్లేయుల పాలనలో పురపాలక సంఘము లేర్పడినపుడు ఈ పనికి ‘కన్సర్వెన్సీ’ యని పేరు పెట్టిరి. ఆ మాటకు వారి భాషలో సంరక్షణమని యర్థము. లండను నగరమున థేమ్సు నదిని కాపాడుటకై 1857లో ఏర్పడిన సంఘమునకు అదియే పేరు. మన దేశమునకు వచ్చి ఆ మాట చెత్తను, మలమును ఎత్తివేయు శాఖకు పేరైనది. నగరమును సంరక్షించు ఏర్పాటు కలిగినది. సంరక్షించువారిని ఎవరు సంరక్షింతురన్న ప్రశ్న చాలకాలము పుట్టలేదు.

1898 ఆగస్టులో బెంగళూరున ప్లేగు ప్రవేశించెను. ఇరుకైన పాతపేటలను విడిచి జనులు బసవనగుడి, మల్లేశ్వరము మొదలగు క్రొత్తపేటలకు తరలిరి. విశాలమైన వీధులు, గాలి వెలుతురులు గల ఇండ్లు వెలసెను. నగరమున పెక్కుచోట్ల ఇండ్ల వరుసల వెనుక సన్నని సందులుండెడివి. వానిని కన్సర్వెన్సీ సందులనిరి. ముందరి వీధి యజమానికి, బంధువులకు. వెనుకటి సందు మరుగుదొడ్డి యెత్తువానికి. కులభేదము పట్టణపు పటములోనే గీయబడినదన్నచో అతిశయోక్తి కాదు. భూగర్భమున మురుగుకాలువలు వచ్చిన పిమ్మట ఆ సందులకు పని తగ్గినది. కాని సందున నడచినవారి సంతతి వీధిలో పొరక పట్టినది.

ఈ పనికి వచ్చినవారిలో పెక్కురు తెలుగువారు. అనంతపురము, చిత్తూరు మొదలగు మండలములనుండి బ్రదుకుతెరువు వెదకికొనుచు వచ్చిన దళితులు, ముఖ్యముగా మాదిగలు. బెంగళూరు వీధులను ఊడ్చు స్త్రీలలో ఇంట తెలుగు మాటలాడువారు నేటికిని చాలమంది. వీధిలో కన్నడము, ఇంటిలో తెలుగు. అక్కడ కస, ఇక్కడ కసువు. రెండు భాషలు నేర్చినను వారికి రెండు పనులు తప్పలేదు. ఇంటి పొరక స్త్రీదని నమ్మిన సమాజము వీధి పొరకనుగూడ ఆమె చేతికే యిచ్చినది. బండి తోలుట, లారీ కెత్తుట పురుషుల పాలు. వంగి యూడ్చుట స్త్రీల పాలు.

పని వేళకు కారణము లేకపోలేదు. బండ్లును జనులును తిరుగకముందే వీధి నూడ్వవలయును. ఊడ్చిన దుమ్మును, ఎండుటాకులను కుప్పచేసి, తోపుడుబండి వచ్చువరకు గాలికి చెదరకుండ కాచుకొనవలయును. మేస్త్రీ వచ్చి పట్టీ చూచుకొనవలయును. కాబట్టి వేకువ పని తప్పదు. కాని వేకువకు పనికి పిలిచినవారు ఆ వేకువను ఏ యింటినుండి తీసికొనుచున్నారో విచారింపకపోవుటకు మాత్రము కారణము లేదు. ఆరింటికి వీధిలో నుండవలెనన్న నాలుగింటికి లేవవలయును. నీళ్ళు పట్టి, అన్నము వండి, నిద్రించు పిల్లలను నిద్రలోనే విడిచి బయలుదేరవలయును. ఆ పిల్లలను లేపు బాధ్యత పెద్దపిల్లది. అనగా చాలయిండ్లలో ఆడపిల్లది. తల్లి పని వేళ కూతురి బడి వేళను ఈ విధముగా మ్రింగుచున్నది.

ఈ పని ఇంటిలో మాటలనుగూడ మ్రింగును. బెంగళూరునకు తూర్పున కోలారు బంగారు గనుల పట్టణమున 1966లో ఒక తెలుగు దళిత కుటుంబమున బెజవాడ విల్సన్ గారు జన్మించిరి. వారి తండ్రి మరుగుదొడ్లు శుభ్రపరచు పనివాడు. తలిదండ్రులు తాము చేయు పని యేదో పిల్లవానికి తెలియనీయలేదు. తండ్రి కష్టపడి తెచ్చిన కూడు తినుచు, తండ్రి పనిని ఎరుగని బాల్యమది. కొడుకు ఎదిగి, మలము చేతితో నెత్తు దురాచారమును తుదముట్టించుటకై సఫాయి కర్మచారి ఆందోళనమును నిర్మించిరి; 2016లో వారికి మెగసెసే పురస్కారము లభించినది. ఆ దురాచారమును నిషేధించుచు 1993లో ఒకటి, 2013లో ఒకటి, రెండు శాసనములు వచ్చినవి. పనిని ఇంట చెప్పుకొనలేని స్థితి పోవుటయే ఆ శాసనముల నిజమైన పరీక్ష.

సంఘటితమై అడిగినపుడే యీ కార్మికులకు కొంత మేలు కలిగినది. బొంబాయిలో 1935లోనే అంబేద్కరు గారు పురపాలక కార్మికుల సంఘమును స్థాపించిరి. బెంగళూరున నగరభాగమును, దండుభాగమును 1949లో ఏకమై ఒక కార్పొరేషను కాగా, 1972లో కర్ణాటక ప్రభుత్వము ఐ.పి.డి. సాలప్ప గారి అధ్యక్షతన నొక విచారణసంఘమును నియమించినది; 1976లో నివేదిక వచ్చినది. అంతకుముందు తోటి, జాడమాలి యని పిలువబడినవారికి ‘పౌరకార్మికులు’ అను పేరు ఆ నివేదికనుండియే వ్యాపించెను. పురమునకు చెందినవాడు పౌరుడు. ఆ పదమున కార్మికుని పనియేగాక, పురముపై అతని హక్కుగూడ నిమిడియున్నది. పేరు పెట్టినవారి యభిప్రాయము గొప్పది.

ఆ నివేదిక ప్రతి 500 మంది జనమునకు ఒక కార్మికుడుండవలెనన్నది. పిమ్మట ఆ లెక్కను 700కు పెంచిరి. కాగితముమీద ఇది చిన్న మార్పు. వీధిలో ఊడ్వవలసిన దూరము పెరుగుట దీని యర్థము. ఇంటిలో తల్లి తిరిగివచ్చు వేళ వెనుకకు జరుగుట దీని యర్థము.

ఇరువదవ శతాబ్దపు చివరి దశకమునుండి గుత్తపద్ధతి ప్రబలినది. కార్పొరేషను పనిచేయించుకొనును, జీతము గుత్తదారుడిచ్చును, బాధ్యత యిరువురి నడుమ జారిపోవును. నిబంధనల ననుసరింపక చేర్చుకొనబడిన తాత్కాలికోద్యోగులు స్థిరత్వమును హక్కుగా కోరజాలరని, కర్ణాటక రాష్ట్రమునుండి వచ్చిన ఉమాదేవి వ్యాజ్యమున సుప్రీముకోర్టు 2006 ఏప్రిలు 10న తీర్పు చెప్పినది. పదేండ్లు, ఇరువదియేండ్లు ఊడ్చినవారికి ఆ తీర్పు పెద్ద యడ్డుగోడ యైనది. 2017లో బెంగళూరున పౌరకార్మికుల విషయమున గుత్తపద్ధతిని తొలగించి జీతము నేరుగా నిచ్చుటకు నిర్ణయించిరి. వేలిముద్రల యంత్రములును వచ్చినవి. ఆ మార్పు నడుమ పేర్లు పట్టీకెక్కక పలువురకు జీతములు నిలిచిపోయెను. నెలలకొలది జీతమందని ఒక పౌరకార్మికుడు 2018 జూలైలో ప్రాణము తీసికొనెను. పట్టీలో పేరు లేకపోవుట యన ఇంటిలో పొయ్యి వెలుగకపోవుటయే.

2022 జూలై మొదటి వారమున కర్ణాటక పౌరకార్మికులు నాలుగు దినములు పొరకలను క్రింద పెట్టిరి. ఉద్యోగములను స్థిరము చేయుడని అడిగిరి. ప్రసూతి సెలవు, మరుగుదొడ్డి, త్రాగునీరు, బట్టలు మార్చుకొను చోటు కావలెననిరి. కోరికలలో సగము ఇంటికిని దేహమునకును సంబంధించినవే గదా! తుదకు 2025 మే 1న బెంగళూరున 12,692 మందికి స్థిరోద్యోగపు ఉత్తరువులు చేతికందినవి. అదే సంవత్సరము సెప్టెంబరులో నగరపాలనమును ఐదు కార్పొరేషనులుగ విభజించిరి.

ఉద్యోగము స్థిరమైనది; మంచిదే. కాని పిల్లవాని అంగనవాడి వేళ మారలేదు. 1961 నాటి ప్రసూతి సౌకర్యముల శాసనమును 2017లో సవరించి, మొదటి యిద్దరు బిడ్డలకు 26 వారముల సెలవును, 50 మంది, అంతకు పైబడి పనిచేయు చోట శిశుశాలను విధించినారు. ఆ శాసనకర్తల కన్నులయెదుట గోడలున్న కర్మాగారమో, కచ్చేరియో యుండెను. వీధికి గోడలు లేవు. వార్డు వార్డుకు చెదరి పనిచేయువారికి శిశుశాల ఏ గుమ్మమున పెట్టవలయునో ఎవరును నిర్ణయింపలేదు. నివాసము సంగతియు నంతే. చెన్నపట్టణమున కూవము గట్లనుండి తొలగింపబడిన పేదలను కణ్ణగి నగరు, పెరుంబాక్కము వంటి దూరపు నివేశములకు పంపిరి. నగరము మధ్యను ఊడ్చువారి యిల్లు నగరపు టంచున నుండెనేని, మొదటి బస్సు రాకముందే వారి దినము మొదలు కావలసియుండును.

యంత్రములు వచ్చినవి గదా, ఇక పొరకలతో పనియేమని కొంద రందురు. యంత్రము విశాలమైన రాజమార్గమున తిరుగును. సందులలో, నిలిపియుంచిన బండ్ల నడుమ, కాలువ యంచున పొరకయే పోవలయును. కనుక మనుష్యులను తలచుకొనక తప్పదు.

చేయవలసినవి అసాధ్యములు కావు. హాజరు తీసికొను చోటికి దగ్గరగా వేకువ ఆరింటికే తెరచు శిశుశాల యుండవలయును. వార్డునకొక మరుగుదొడ్డి, విశ్రాంతికి ఒక గది, పని వీధికి నడచిపోదగిన దూరమున ఇల్లు కావలయును. వీనితోపాటు ఇంకొకటి: ఇంటి పొరకను పురుషుడును పట్టవలయును. ఇది ఊడ్చువారి యిండ్లకు మాత్రమే చెప్పు నీతి కాదు. వీధినూడ్చి వచ్చిన భార్యచేత మరల ఇల్లూడ్పించు భర్తను నిందించుటకుముందు, మనలో నెందరు మన వాకిలి నెన్నడైన నూడ్చితిమో తలచుకొందము. మేము నలువది యేండ్లు దాటినవారము, ఊడ్వలేదు.

మా పాఠశాలలో ఇప్పుడు మొదటి గంట ముగియులోపల వచ్చినవారిని లోపలికి రానిచ్చుచున్నాము. తప్పిన పాఠమును మధ్యాహ్నవిరామమున చెప్పుచున్నాము. దీనిచే ఆ బాలిక వెలుపల నిలువదు, అంతమాత్రమే. ఆమె తమ్ముని అంగనవాడి ఇప్పటికిని తొమ్మిదింటికే తెరచుకొనుచున్నది. దానిని ఆరింటికి తెరపింపుడని పురపాలకులకు ఒక విన్నపము వ్రాసి, తలిదండ్రుల సంతకములు సేకరించుచున్నాము. మొదట ఆ తల్లిని పిలిచితిమి. ఆమె వేలిముద్ర వేయుటకు చేయి చాచి, మరల వెనుకకు తీసికొని, కలమడిగి, కూతురు నేర్పిన అక్షరములతో నెమ్మదిగా తన పేరు వ్రాసినది.