మామ్మ పద్దుల పుస్తకాలు

మా మామ్మ, అంటే నాన్నగారి అమ్మ, పోయి ఏడాదైంది. సంవత్సరీకాలకి రాయగడలో అందరం కలిసినప్పుడు, మామ్మ గురించి నువ్వే రాయాలని నా మీద పెట్టేశారు. నేను చదివింది కన్నడ మీడియం, చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగు. తెలుగు చదవడం మామ్మ ఉత్తరాలతోనే వచ్చింది. అక్షరాలు కన్నడకి దగ్గరే, తలకట్టు దగ్గరే తడబడేదాన్ని. తప్పులుంటే పెద్దలు సరిచేయండి.

మామ్మ 1931లో గుణుపురంలో పుట్టింది. పర్లాకిమిడి చిన్న రైలు గుణుపురం దాకా వచ్చిన రోజులవి. "రైలూ నేనూ ఒక ఈడువాళ్లం" అనేది. అప్పట్లో గుణుపురం మద్రాసు ప్రెసిడెన్సీ, విశాఖపట్నం జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడ్డాక కోరాపుట్ జిల్లాలోకి వెళ్లింది. 1992 అక్టోబరు 2న కోరాపుట్‌లోంచి రాయగడ జిల్లాని విడదీస్తే అందులోకి వచ్చింది. ఇక మామ్మ పుట్టినరోజు ఆధార్‌లో ఒకటి, ఓటరు కార్డులో ఇంకొకటి. మా ఆఫీసులో ఇలాంటిది కనిపిస్తే బగ్ అని రాస్తాం. మామ్మ మాత్రం "రెండూ నేనే కదే" అని నవ్వేసేది.

పదిహేనో ఏట రాయగడకి కోడలిగా వచ్చింది. ఆ ప్రయాణం ఎన్నిసార్లు చెప్పిందో. గుణుపురంలో చిన్న రైలెక్కి నౌపడ, అక్కడ పెద్ద లైను మీద విజయనగరం, మళ్లీ బండి మారి పార్వతీపురం మీదుగా రాయగడ. మ్యాపులో చూస్తే రెండూ ఒకే జిల్లాలోని ఊళ్లు. ఒరిస్సాలోంచి బయల్దేరి, మద్రాసు రాష్ట్రంలో ఒక రాత్రంతా తిరిగి, ఒరిస్సాలోనే దిగారన్నమాట.

తాతగారు ఒక కొట్లో గుమస్తా. ఐదుగురు పిల్లలు. బళ్లో ఒడియా, ఇంట్లో తెలుగు. దీపం పెట్టాక పలక పట్టుకుని మామ్మ ముందు కూర్చోవాలి, అక్షరాలు దిద్దితేనే అన్నం. తను చదివింది ఐదో తరగతే. నాన్నగారు ఉద్యోగానికి హోస్పేట వచ్చారు, మేం అక్కడే పెరిగాం. మామ్మ రెండేసార్లు వచ్చింది. మొదటిసారి పక్కింటివాళ్లు రాగిముద్ద ఇస్తే రుచి చూసి, "ఇవి మన చోళ్లే కదే, ఒడియావాళ్లు మాండియా అంటారు" అంది. ఆ వీధిలో ఆవిడకి దొరికిన మొదటి చుట్టం రాగులే అనుకుంటా.

మొన్న అటక మీంచి పద్దుల పుస్తకాలు దింపాం. పదకొండు. మామ్మ గురించి కాగితం మీద ఉన్నదంటే ఇవే. బియ్యం, కిరసనాయిలు, చాకలి పద్దు, పిల్లల ఫీజులు, మజ్జిగౌరమ్మ మొక్కుబడికి ఎత్తిపెట్టిన డబ్బు. పాత పుస్తకాల్లో చోళ్లు కుంచాల్లో, చింతపండు వీశెల్లో ఉంటాయి. కిలోలు వచ్చాక కూడా కొన్నాళ్లు రెండూ పక్కపక్కన రాసుకుంది, కొత్త తూకంలో ఎవరైనా మోసం చేస్తారేమోనని. టెస్టర్‌ని కాబట్టి ఆ పేజీలు నాకు మహా నచ్చాయి.

అన్ని పుస్తకాల్లోనూ మళ్లీ మళ్లీ వచ్చే మాట ఒకటుంది: "కొండామె". సంతకి చింతపండు, పసుపు తెచ్చే ఖోండ్ తెగ ఆవిడ. మా ఇంటికి ముప్ఫై ఏళ్లు వచ్చిందట. వీధరుగు మీద కూర్చుని, మామ్మ చేతి అంబలి తాగి, కష్టసుఖాలు చెప్పుకుని వెళ్లేదట. అత్తయ్యకి టైఫాయిడ్ వచ్చినప్పుడు రోజూ వచ్చి చూసిపోయేదట. కానీ ఒక్కసారి కూడా గుమ్మం దాటి లోపలికి రాలేదు. "రాలేదా, రానివ్వలేదా?" అని అడిగితే అత్తయ్య కాసేపు మాట్లాడలేదు. "రానివ్వలేదే" అంది.

ఇది రాయొద్దని ఇంట్లో ఒకరిద్దరు అన్నారు. నాకు రాయాలనే అనిపించింది. మనవాళ్లు ఆ కొండల కింద కొట్లు పెట్టుకున్నారు, అప్పులిచ్చారు, పద్దులు రాశారు. గిరిజనుల భూములు ఇతరుల చేతుల్లోకి పోకుండా 1956లో ఒరిస్సా ప్రభుత్వం రెగ్యులేషన్ తెచ్చిందంటే ఊరికే తేలేదు కదా. మామ్మ ఎవరి భూమీ రాయించుకోలేదు. ఆ రోజుల్లో ఆ గుమ్మం అలా ఉండేది, దాన్ని కాపలా కాసినవాళ్లలో మా మామ్మ కూడా ఉంది. నాకు ఆవిడంటే ప్రాణం, అయినా ఇదీ నిజమే.

ఆఖరి పుస్తకం 2014లో ఆగిపోయింది. అక్షరాలు వంకర్లు పోయాయి. చివరి పేజీలో చింతపండు అయిదు కిలోలు, దాని కింద "కొండామెకి ఇవ్వవలసినది 40 రూ." అని ఉంది. మామ్మ తీర్చిన బాకీ మీద అడ్డగీత కొట్టేది. దీని మీద గీత లేదు.

మర్నాడు బాబాయి, నేనూ సంతకి వెళ్లాం. చింతపండు బుట్టల దగ్గర కూర్చున్న ఆడవాళ్లని అడిగాం. ఒకావిడ ఒడియాలో "పేరేంటి?" అంది. బాబాయి నా వైపు చూశాడు. పదకొండు పుస్తకాలూ మళ్లీ తిరగేశాను. పేరు ఎక్కడా రాయలేదు.