గ్రహాంతరవాసి

ఈ మాటలో 'అంతరం' అంటే తేడా కాదు, 'వేరొకటి'. దేశాంతరం, గ్రామాంతరం ఆ వరసలోవే. 'గ్రహ' అంటే పట్టుకోవడం; గ్రహణంలోనూ అదే ధాతువు. సినిమాల పుణ్యమా అని మాట పచ్చటి ఒంటికీ గుడ్లప్పగించిన కళ్లకీ అతుక్కుపోయింది గానీ, నా లెక్కన అసలు బరువు 'వాసి' మీదే. కాపురం పెట్టినవాడికి వంట, పండగ, పొరుగుతో పేచీ తప్పవు. గ్రహమంతటికీ ఒకే మతం అంటగట్టిన కథ అందుకే తేలిపోతుంది. సైన్స్ ఫిక్షన్ రచయిత్రి ఉర్సులా లె గ్విన్ 1969 నవలలో గెథెన్ అనే మంచుగ్రహానికి హందారా, యోమెష్ అని రెండు మతాలున్నాయి.

గ్రహాంతరం దాకా ఎందుకు, దేశాంతరవాసుల్ని చూడాలంటే బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలున్నాయి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కొలువులకు ఉత్తరాంధ్ర నుంచి వచ్చినవాళ్లు అమ్మవారినీ వెంటబెట్టుకొచ్చారు. ఆ కొలుపు అక్కడ 'మాతా పూజ'. నెత్తిన ఘటం, పసుపు, వేపమండలు మనవే. పేరు మాత్రం బెంగాలీ పొరుగుకీ హిందీ పొరుగుకీ నోరు తిరిగేది. కల్పిత గ్రహంలో ఇలా పేరు మార్చుకున్న దేవత ఒక్కరైనా కనబడరేం?