సన్నని గొట్టంలో వాయువు నడక

వాయువు సన్నని బెజ్జంలోంచి బయటపడే వేగాన్ని శ్రద్ధగా కొలిచినవారిలో స్కాట్లాండ్ రసాయనవేత్త థామస్ గ్రాహమ్ ముఖ్యుడు. పలుచని లోహపు రేకుకు బెజ్జం పెట్టి, దాని గుండా వాయువులను శూన్యంలోకి వదిలి చూశాడు. ఆ ఫలితాలు 1846లో వెలువడ్డాయి. వాయువు సాంద్రత పెరిగేకొద్దీ, దాని వర్గమూలానికి విలోమంగా వేగం తగ్గింది. ఆక్సిజన్ హైడ్రోజన్ కంటే 16 రెట్లు బరువు కాబట్టి, ఈ నియమం ప్రకారం హైడ్రోజన్‌ది 4 రెట్ల వేగం. రేకు బదులు పొడవాటి కేశనాళిక పెడితే మాత్రం నియమం నిలవలేదు. అక్కడ పెత్తనం స్నిగ్ధతది, అంటే వాయువు లోపలి రాపిడిది.

స్నిగ్ధత పీడనాన్ని బట్టి మారదని మాక్స్‌వెల్ 1860లో చెప్పాడు. అయితే పీడనం బాగా తగ్గితే వాయువు గోడను అంటిపెట్టుకోక జారుతుందని 1875లో కుంట్, వార్‌బర్గ్ గమనించారు.

అసలు చిక్కుముడి విప్పినవాడు కోపెన్‌హాగన్‌కు చెందిన మార్టిన్ నుడ్‌సెన్. మామూలు గాలిలో అణువు రెండు ఢీల మధ్య మైక్రోమీటరులో పదో వంతు దూరమైనా పోదు. 1 పాస్కల్ పీడనం వద్ద అదే దూరం దాదాపు 7 మిల్లీమీటర్లు. అంతకంటే బాగా సన్నని గొట్టంలో అణువులు ఒకదానికొకటి ఎదురుపడటం అరుదు, తగిలేది గోడలకే. గోడకు తగిలిన అణువు తాను వచ్చిన దిక్కును మరిచిపోయి, కొసైన్ నియమం ప్రకారం (గోడకు లంబంగా ఎక్కువగా, పక్కలకు తక్కువగా) ఎటైనా పోతుందని నుడ్‌సెన్ ఊహించాడు. సాహసమైన ఊహే, కానీ 1909లో వెలువడిన అతని కొలతలు దాన్ని బలపరిచాయి. స్నిగ్ధత లెక్కలోంచే తప్పుకుంది, గ్రాహమ్ వర్గమూలం గొట్టంలోకీ వచ్చింది. స్నిగ్ధత నడిపే ప్రవాహం గొట్టం వ్యాసం నాలుగో ఘాతాన్ని అనుసరిస్తుంది; ఇక్కడ అది మూడో ఘాతాన్ని అనుసరించింది. ఇంకో వింత: ఒకే పీడన తేడాకు సాగే ప్రవాహం, సగటు పీడనం తగ్గేకొద్దీ తగ్గి, ఒక కనిష్ఠాన్ని తాకి, మళ్లీ కాస్త పెరుగుతుంది. ఆ కనిష్ఠానికి నుడ్‌సెన్ పేరే స్థిరపడింది.

శూన్యపు పంపులు వాడేవారికి ఇది చేదు నిజం. సెంటీమీటరు వ్యాసం, మీటరు పొడవు ఉన్న గొట్టం ఈ స్థితిలో సెకనుకు 0.12 లీటర్ల గాలినే పోనిస్తుంది. పంపు ఎంత పెద్దదైనా అంతే. పొట్టి గొట్టాల లెక్కను 1932లో క్లౌసింగ్ తేల్చాడు: పొడవు, వ్యాసం సమానమైతే లోపలికి వెళ్లిన అణువుల్లో సగానికి కొంచెం ఎక్కువ మాత్రమే అవతలికి చేరతాయి.

ఈ విద్య భారీ పరిశ్రమగా మారింది అమెరికాలోని ఓక్ రిడ్జ్‌లో. అక్కడి కే-25 కర్మాగారం 1945లో యురేనియం హెక్సాఫ్లోరైడ్‌ను అతిసన్నని రంధ్రాల పొరల గుండా పంపి యురేనియం-235ను వేరుచేసింది. రెండు ఐసోటోపుల వేగాల్లో తేడా 0.43 శాతమే, అందుకే వేల దశలు కావలసి వచ్చాయి. విద్యుత్తును విపరీతంగా మింగే ఈ పద్ధతి సెంట్రిఫ్యూజ్‌ల ముందు నిలవలేదు. 2013లో కెంటకీలోని పడూకా కర్మాగారం ఈ పని ఆపేయడంతో అమెరికాలో అది ముగిసింది.