కెప్లరు తల్లి

గ్రహములు సూర్యుని చుట్టును దీర్ఘవృత్తములలో తిరుగునని కనుఁగొన్న యొహానెస్ కెప్లరుని సూత్రములను ముప్పదియేండ్లు బడిలో వల్లె వేయించితిని. ఆయన తల్లి కథ నాకుఁ దెలిసినది ఉద్యోగము విరమించిన పిదపనే.

ఆమె పేరు కథరీనా. జర్మనీదేశమందలి లియోన్‌బెర్గు అను చిన్నపట్టణము ఆమె నివాసము. భర్త 1589లో యుద్ధమునకుఁ బోయి మరలి రాలేదు. నాఁటినుండి విధవగానే బ్రతికెను. చదువు రాదు, నోరు మాత్రము గట్టిది. చర్చికిఁ బోవును, ఆకులతోను వేళ్లతోను మందు లిచ్చును. 1615లో పొరుగుస్త్రీ యొకతె, ఈమె యిచ్చిన పానీయము త్రాగి రోగి నైతినని, ఈమె మంత్రగత్తె యని చాటెను. ఆ కాలమున ఆ నేరము రుజువైనచో ప్రాణమే పోవును.

ఇఁక ఊరిలో ప్రతివారికిని పాత సంగతులు జ్ఞప్తికి వచ్చినవి! పూర్వజాతులవారు పుఱ్ఱెలను పానపాత్రలుగా వాడిరని చర్చి ప్రసంగమున విని, తన తండ్రి పుఱ్ఱెకు వెండి తొడిగించి కుమారునకుఁ గానుక యీయఁదలఁచి, సమాధులు త్రవ్వువాని నడిగెనఁట. వెఱ్ఱి ముచ్చటయే, అదియు నేరములలోఁ జేరెను.

1620 ఆగస్టులో, డెబ్బది దాఁటిన యామెను కుమార్తె యింట రాత్రివేళ పట్టి, పెట్టెలో నుంచి కొనిపోయి, సంకెళ్లు వేసిరి. కెప్లరు లింజునుండి వచ్చి, దీర్ఘమైన ప్రతివాదపత్రము వ్రాసి, ఆ రోగములకు సహజకారణములు చూపెను. 1621 సెప్టెంబరులో తలారి హింసాసాధనములు చూపి, ఒప్పుకొమ్మని బెదరించెను. నరము లన్నియుఁ బెఱికినను తాను చెప్పవలసిన దేమియు లేదని, మోకరించి ప్రభుప్రార్థన పఠించెను. కొడుకు వాదముకంటె నాకు ఈ మాటయే పెద్దది.

14 నెలల చెఱ పిదప విడిచిరి. లియోన్‌బెర్గునకు మాత్రము పోరాదు. వచ్చినచోఁ జంపుదుమని ఊరివారి బెదరింపు. 1622 ఏప్రిలులో మరణించెను.