కందుకూరు నుంచి రెడ్ హిల్స్ దాకా

కందుకూరు వాళ్లకి 2008 నుంచీ ఎయిర్‌పోర్టు దగ్గరే. సర్కారు క్యాన్సర్ దవాఖానా ఎం.ఎన్.జె. మాత్రం నగరంలోపల, రెడ్ హిల్స్‌లో. ఆ ఊరి కూరగాయల రైతు ఒకామెకి రొమ్ములో గడ్డ తేలిందనుకోండి. తొందరగా దొరికితే డాక్టరు రెండు దారులు చెప్తాడు. రొమ్ము మొత్తం తీసేయడం ఒకటి. గడ్డ వరకే తీసి రేడియేషన్ ఇవ్వడం రెండోది. మనవాళ్ల మాటలో ‘కరెంటు పెట్టడం’. ఆమె ‘తీసెయ్యండి సారూ’ అంటుంది. కేస్ షీట్ మీద అది పేషెంట్ ఎంపిక.

ఒకప్పుడు ఈ ప్రశ్న అడిగేవాళ్లే లేరు. 1880లలో అమెరికన్ సర్జన్ హాల్‌స్టెడ్ రొమ్ముతో పాటు కింది ఛాతీ కండరాలు, చంకలో గడ్డలు అన్నీ తీసేసే ఆపరేషన్ మొదలుపెట్టాడు. దాదాపు తొంభై ఏళ్లు అదే వేదం. ముక్క పరీక్షకని మత్తిచ్చేవారు, క్యాన్సరని తేలితే ఆ మత్తులోనే రొమ్ము తీసేసేవారు. మెలకువ వచ్చాక చేత్తో తడుముకుంటేనే తెలిసేది. 1974లో రోజ్ కుష్‌నర్ అనే జర్నలిస్టు ఈ పద్ధతికి ఒప్పుకోలేదు. పరీక్ష వేరుగా, ఆపరేషన్ వేరుగా జరగాలని పోరాడింది. 1979లో అమెరికా ప్రభుత్వ నిపుణుల సంఘం కూడా ఆ మాటే అంది.

తర్వాత బెర్నార్డ్ ఫిషర్ 1,851 మంది స్త్రీల మీద ట్రయల్ చేశాడు. 1985లో ఒకసారి, ఇరవై ఏళ్లు గమనించి 2002లో ఇంకోసారి ఫలితాలు వచ్చాయి: మొత్తం తీసినా, గడ్డే తీసినా బతికే అవకాశం ఒకటే. కాకపోతే రేడియేషన్ లేకపోతే గడ్డ అదే రొమ్ములో మళ్లీ వచ్చే ప్రమాదం చాలా ఎక్కువ.

మన రైతామె ఇరుక్కునేది సరిగ్గా ఇక్కడే. పాత లెక్కలో రేడియేషన్ అంటే అయిదు వారాలు, ఇరవై అయిదు సార్లు. ఇరవై అయిదు రోజుల బస్సు, ఇరవై అయిదు రోజుల పని. తోడు వచ్చే మనిషి కూలీ కూడా పోయినట్టే. మొత్తం తీసేస్తే, అందరికీ కాకపోయినా, చాలామందికి ఈ తిరుగుడు తప్పుతుంది. బ్రిటన్ ట్రయల్స్ ఆ ఇరవై అయిదుని పదిహేను చేశాయి. 2020లో వచ్చిన ఇంకో ట్రయల్ అయిదుకి దించింది. వీటిని మెడికల్ వార్తలుగానే చదువుతాం కానీ, నాకైతే ఇవి రోడ్డు వార్తలు. కందుకూరు, రెడ్ హిల్స్ మధ్య దూరం తగ్గించినవి అవే.

ఇక పోయిన రొమ్ముని మళ్లీ కట్టడం. వీపు నుంచో పొట్ట నుంచో కండ తెచ్చి కడతారు, లేదా సిలికాన్ పెడతారు. అమెరికాలో 1998 నుంచి, మాస్టెక్టమీకి డబ్బులిచ్చే ఇన్సూరెన్స్ దీనికీ ఇవ్వాలని చట్టం ఉంది. వద్దన్నవాళ్లూ ఉన్నారు. కవి ఆడ్రి లార్డ్ 1978లో ఒక రొమ్ము తీయించుకుని, కృత్రిమ రొమ్ము కూడా పెట్టుకోనంది. లేని దాన్ని ఉన్నట్టు చూపడం ఎవరి కోసమని ‘క్యాన్సర్ జర్నల్స్’లో అడిగింది. ఆ పుస్తకమంటే నాకు గౌరవం. కానీ లార్డ్ ముందు పెట్టింది ఉంది, ఆమె తోసేసింది. మన రైతామె ముందు చాలాసార్లు ఎవరూ ఏదీ పెట్టరు. ‘ఈ వయసులో నీకెందుకమ్మా’ అని ఆమె బదులు ఇంకెవరో అనేస్తారు, పైట ఉంది కదా కనపడదులే అంటారు. ఆమె జాకెట్ లోపల కాస్త దూది, పాత చీర ముక్క కుక్కుకుని పొలానికి పోతుంది. చెమటకి అది జారుతూ ఉంటుంది.