రుతుచక్రం, నికోటిన్: పరిశోధన చరిత్ర

నెలసరి చక్రంలో ఈస్ట్రోజన్, ప్రొజెస్టెరాన్ హార్మోన్లు పెరిగి తగ్గుతున్న కొద్దీ స్త్రీలలో నికోటిన్ ప్రభావం, పొగ మీద తహతహ, మానేసినప్పుడు కలిగే బాధలు మారతాయా అని తేల్చడానికి జరిగిన పరిశోధనలు ఇవి. నెలసరి మొదలైన రోజు నుంచి అండం విడుదలయ్యే దాకా ఉండేది ఫాలిక్యులర్ దశ, అప్పటి నుంచి తిరిగి నెలసరి వచ్చే దాకా ఉండేది ల్యూటియల్ దశ. ఈ రెండో దశలో ప్రొజెస్టెరాన్‌దే పైచేయి.

పొగాకు నుంచి నికోటిన్‌ను 1828లో హైడెల్‌బెర్గ్‌లో పోసెల్ట్, రైమన్ వేరుచేశారు. ప్రొజెస్టెరాన్ 1934లో శాస్త్రజ్ఞుల చేతికందింది. ఈ రెంటినీ కలిపి చూడటానికి మరో అర్ధ శతాబ్దం పట్టింది. స్త్రీలు పొగ తాగకపోవడం మాత్రం ఇందుకు కారణం కాదు. ఉత్తరాంధ్రలో చుట్ట నిప్పును నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే స్త్రీలు ఎప్పటి నుంచో ఉన్నారు. పిండ్‌బోర్గ్ బృందం ఆంధ్రప్రదేశ్‌లో 10,169 మంది గ్రామీణులను పరీక్షించి 1971లో వెలువరించిన అధ్యయనం ప్రసిద్ధం. అయితే అది అంగిలి మీది మచ్చలు, పుండ్లకు సంబంధించినది. ఈ ఆలస్యానికి ఒక కారణం పరిశోధనల్లో స్త్రీలకు చోటు లేకపోవడం. అమెరికాలో 1977 నాటి ఔషధ నియంత్రణ మార్గదర్శకాలు గర్భం దాల్చే వయసు స్త్రీలను తొలిదశ మందుల పరీక్షలకు దూరంగా ఉంచాయి. ప్రభుత్వ నిధులతో జరిగే వైద్య పరిశోధనల్లో స్త్రీలను చేర్చుకోవాలన్న చట్టం 1993లో గానీ రాలేదు.

ఒహారా బృందం 1989లో ప్రచురించిన పరిశోధన ఈ రంగంలో తొలి మెట్లలో ఒకటి. ల్యూటియల్ దశలో సిగరెట్ మానిన స్త్రీలకు బాధలు ఎక్కువగా ఉన్నట్టు అది చూపింది. పిట్స్‌బర్గ్‌లో పెర్కిన్స్ బృందం 2000లో చేరిన నిర్ణయమూ ఇదే. ఇక్కడొక చిక్కుంది. చిరాకు, దిగులు, ఆకలి, మనసు నిలవకపోవడం సిగరెట్ మానేసిన వారం రోజుల్లో ఎలా ఉంటాయో, నెలసరికి ముందు వారంలోనూ చాలామందికి అలాగే ఉంటాయి. ఏది దేని వల్ల అన్నది ప్రశ్నాపత్రం నింపించినంత మాత్రాన తెలియదు. పైగా దశను క్యాలెండర్ లెక్కతో నిర్ణయించినవారు కొందరు, రక్తంలో ప్రొజెస్టెరాన్ కొలిచినవారు కొందరు. ఫలితాలు పొంతన లేకుండా ఉండటానికి ఇదొక ముఖ్య కారణం. అదే 2000లో డానీ బృందం ఎలుకల మీద చేసిన ప్రయోగంలో, ఆడ ఎలుకలు తమంతట తాము తీసుకునే నికోటిన్‌లో ఋతుదశను బట్టి తేడా కనిపించలేదు.

నికోటిన్ శరీరంలో ఎలా విరిగిపోతుందన్న విషయంలో కాలిఫోర్నియాకు చెందిన నీల్ బెనోవిట్జ్ కృషి విశిష్టమైనది. కాలేయంలోని సీవైపీ2ఎ6 ఎంజైమ్ నికోటిన్‌ను ప్రధానంగా కోటినిన్‌గా మారుస్తుంది. బెనోవిట్జ్ బృందం గుర్తుపట్టే వీలున్న నికోటిన్‌ను నరం ద్వారా ఎక్కించి, రక్తంలో అది ఎంత వేగంగా తరుగుతోందో లెక్కగట్టింది. పురుషుల కంటే స్త్రీలలో, గర్భనిరోధక మాత్రలు వాడని స్త్రీల కంటే వాడేవారిలో ఈ వేగం ఎక్కువని 2006లో ప్రకటించింది. గర్భిణుల్లో నికోటిన్ సుమారు 60 శాతం వేగంగా తొలగిపోతుందని అంతకు నాలుగేళ్ల ముందే తేలింది. మాత్రలు వాడేవారిలోనూ గర్భిణుల్లోనూ ఈస్ట్రోజన్ ఎక్కువ కాబట్టి, నికోటిన్ విరిగిపోవడంలో దాని పాత్రకు బలమైన ఆధారం దొరికింది.

మానేసే రోజును ఎప్పుడు పెట్టుకోవాలన్నది 2008లో ప్రధాన చర్చ అయింది. మిన్నెసోటాలో షారన్ ఆలెన్ బృందం 202 మంది స్త్రీలను రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టు చేత ఫాలిక్యులర్ దశలో, రెండో జట్టు చేత ల్యూటియల్ దశలో సిగరెట్ మాన్పించింది. మందుల సాయం లేదు. 30 రోజుల తర్వాత మొదటి జట్టులో 86 శాతం, రెండో జట్టులో 66 శాతం మళ్లీ సిగరెట్ ముట్టించారు. బాధలు ఎక్కువని పేరుపడ్డ దశలో మానినవారే ఎక్కువగా నిలబడటం అందరినీ ఆశ్చర్యపరిచింది. ప్రొజెస్టెరాన్ తహతహను అణచవచ్చన్నది ఒక వివరణ. అదే ఏడాది కార్పెంటర్ బృందం నికోటిన్ ప్యాచ్ అతికించి చేసిన చిన్న ప్రయోగంలో మాత్రం మొగ్గు ఫాలిక్యులర్ దశ వైపే కనిపించింది. అందువల్ల మందు తోడున్నప్పటి ఫలితాన్ని, లేనప్పటి ఫలితాన్ని వేర్వేరుగా చూడాలన్నది పరిశోధకుల అభిప్రాయం.

వైన్‌బర్గర్ బృందం 2015లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి లెక్కించింది. ల్యూటియల్ దశలో తహతహ, మానినప్పటి బాధలు కొంత ఎక్కువన్న నిర్ణయం నిలిచింది. సహజ చక్రాన్ని గమనించడం కోసం ఇలాంటి అధ్యయనాలు చాలావరకు గర్భనిరోధక మాత్రలు వాడే స్త్రీలను పక్కన పెట్టాయి. నికోటిన్ అందరికంటే వేగంగా విరిగిపోయేవారిలో వారూ ఉన్నారు.