తెర మీది చుక్క, కాగితం మీది గీత

1956 జులై 25 రాత్రి, అమెరికా తూర్పు తీరంలోని నాన్‌టకెట్ ద్వీపానికి దక్షిణాన రెండు ప్రయాణికుల ఓడలు ఢీకొన్నాయి. జెనోవా నుంచి న్యూయార్క్ వస్తున్న ఇటలీ ఓడ ఆండ్రియా డోరియా పొగమంచులో ఉంది. న్యూయార్క్ నుంచి గోథెన్‌బర్గ్ బయలుదేరిన స్వీడన్ ఓడ స్టాక్‌హోమ్ ఎదురుగా వస్తోంది. రెండింటిలోనూ రాడార్ ఉంది, రెండూ పనిచేస్తున్నాయి. డోరియా రాడార్‌లో ఎదుటి ఓడ 17 నాటికల్ మైళ్ల దూరంలోనే కనిపించింది. అయినా రాత్రి 11 దాటిన కొద్ది నిమిషాలకు స్టాక్‌హోమ్ ముందుభాగం డోరియా కుడి పక్కను చీల్చుకుంటూ లోపలికి దూసుకుపోయింది. మొత్తం 51 మంది మరణించారు. మర్నాడు ఉదయం డోరియా మునిగిపోయింది.

ఒకదాన్నొకటి అంత ముందుగా చూసిన ఓడలు ఎలా ఢీకొన్నాయి? నౌకాధికారుల శిక్షణలో వచ్చిన పెద్ద మార్పుకు ఈ ప్రశ్నే మూలం. దీనికి సమాధానం తెలియాలంటే రాడార్ ఏం చూపిస్తుందో, ఏం చూపించదో ముందు గ్రహించాలి.

ఆనాటి రాడార్ తెరకు మధ్యబిందువు మన ఓడ. మనం ఎంత వేగంగా సాగినా ఆ బిందువు కదలదు, చుట్టూ ఉన్నవే కదులుతాయి. రైలు కిటికీలోంచి చూసేవారికి తాడిచెట్లు వెనక్కి పరుగెత్తినట్టు కనిపించడం వంటిదే ఇది. లంగరు వేసి నిలిచి ఉన్న ఓడ కూడా తెర మీద మన వేగంతోనే కదులుతున్నట్టు ఉంటుంది. అంటే తెర మీది చుక్క కదలిక ఎదుటి ఓడ అసలు గమనం కాదు. ఆ ఓడ గమనమూ మన గమనమూ కలిసి ఏర్పడిన సాపేక్ష చలనం అది.

ఒక ఉదాహరణ చూద్దాం. మన ఓడ ఉత్తర దిశగా 20 నాట్ల వేగంతో పోతోంది. ఈశాన్యంలో 10 మైళ్ల దూరాన ఒక చుక్క కనిపించింది. ఆరు నిమిషాల తరువాత అదే దిశలో 8 మైళ్ల దూరానికి వచ్చింది. దూరం తగ్గుతోంది, దిశ మారలేదు. అంటే అది నేరుగా మన మీదికే వస్తోంది, మరో 24 నిమిషాల్లో ఢీకొంటుంది. తెరను మాత్రమే చూసే అధికారి అది నైరుతి దిశగా 20 నాట్లతో పోతోందనుకుంటాడు. కాగితం మీద మన గమనాన్ని ఒక గీతగా, చుక్క కదలికను మరో గీతగా గీసి కలిపితే అసలు సంగతి తేలుతుంది. ఆ ఓడ నిజానికి పశ్చిమ వాయవ్యంగా సుమారు 15 నాట్లతో పోతోంది. ఎటు తిరిగితే తప్పించుకోవచ్చో కూడా ఆ గీతలే చెబుతాయి. ఆరు నిమిషాలంటే గంటలో పదో వంతు కాబట్టి, ఆ వ్యవధిలో సాగిన మైళ్లను పదితో హెచ్చిస్తే వేగం వచ్చేస్తుంది. ఈ పద్ధతికే రాడార్ ప్లాటింగ్ అని పేరు.

ఆ రాత్రి డోరియా మీద ఎవరూ ఈ గీతలు గీయలేదు. కెప్టెన్ పియెరో కలమాయి పొగమంచులోనూ సుమారు 22 నాట్ల వేగంతో సాగుతూ, ఎదుటి ఓడ తన కుడి పక్కగా దాటిపోతుందని తలచి, దూరం పెంచేందుకు కొద్దిగా ఎడమకు తిప్పించాడు. స్టాక్‌హోమ్ మీద కాపలా వంతులో ఉన్న 26 ఏళ్ల థర్డ్ ఆఫీసర్ కార్‌స్టెన్స్ యోహాన్సెన్ మాత్రం ప్లాటింగ్ చేశాడు. ఆ లెక్క ప్రకారం డోరియా తన ఎడమ పక్కగా పోవాలి. అందుకని కుడికి తిప్పాడు. ఇద్దరి వాంగ్మూలాలూ ఏకకాలంలో నిజం కాలేవు. కార్‌స్టెన్స్ రాడార్ దూరపు కొలమానాన్ని పొరబాటుగా చదివి ఉండవచ్చని తరువాతి పరిశీలకులు కొందరు వాదించారు. 1957 జనవరిలో ఉభయ సంస్థలూ రాజీపడటంతో తప్పెవరిదో ఏ న్యాయస్థానమూ తేల్చలేదు.

నావికులకు ఆ తీర్పుతో పనిలేకుండానే పాఠం అందింది. చూపు ఒకటి, అవగాహన మరొకటి. పైగా గీత గీయడం ఒక్కటే సరిపోదు, పరికరం కొలతలను సరిగా చదవడమూ నేర్చుకోవాలి. తరువాతి కొన్నేళ్లలోనే అమెరికాలో వాణిజ్య నౌకాధికారుల కోసం రాడార్ బడులు నడిచాయి. కోస్ట్ గార్డ్ వారి లైసెన్సుకు 'రాడార్ అబ్జర్వర్' అర్హతను జోడించింది. నేటికీ రాడార్ అమర్చిన, 300 టన్నులు, ఆపైబడిన తనిఖీ పరిధిలోని ఓడల డెక్ అధికారులకు, కెప్టెన్‌తో సహా, ఈ అర్హత తప్పనిసరి.

అయితే ఓడ బ్రిడ్జి మీద, చీకట్లో, నాలుగైదు ఓడలు చుట్టుముట్టినప్పుడు కాగితం దగ్గరికి పోయి గీతలు గీసే తీరిక ఎక్కడిది? బాల్టిమోర్ సమీపంలోని లింథికమ్ హైట్స్‌లో నౌకాధికారులకు శిక్షణనిచ్చే సంస్థలో పనిచేసిన కెప్టెన్లు మాక్స్ కార్పెంటర్, వేన్ వాల్డో ఈ చిక్కుకు పరిష్కారం చూపారు. రాడార్ తెరపై అమర్చిన అద్దం మీదే మైనపు పెన్సిల్‌తో గీతలు గీసే పద్ధతిని వివరిస్తూ 1975లో పుస్తకం వెలువరించారు. 1972 నాటి అంతర్జాతీయ నియమావళి రాడార్ ఉన్న ఓడకు ప్లాటింగ్‌ను గానీ, దానికి సాటి అయిన క్రమబద్ధ పరిశీలనను గానీ విధించింది. అరకొర సమాచారంతో ఊహలు కట్టవద్దనీ, చిన్నచిన్న మలుపులతో ఎదుటివారిని అయోమయంలో పడవేయవద్దనీ హెచ్చరించింది. డోరియా విషాదం తెలిసినవారికి ఆ వాక్యాలలో ఆ రాత్రి కనిపిస్తుంది.

1980లలో ఈ గీతలను తానే గీసే కంప్యూటర్ పెద్ద ఓడల బ్రిడ్జి మీదికి వచ్చింది. ఇక చేతిలెక్క ఎందుకన్న ప్రశ్న సహజం. దానికి అమెరికా రెండు వేర్వేరు సమాధానాలు చెప్పింది. 2003లో అమెరికా నౌకాదళం కొత్త అధికారుల తరగతి గది శిక్షణకు బదులు కంప్యూటర్ డిస్కులు చేతికిచ్చింది. 2017 జూన్‌లో ఫిట్జెరాల్డ్ అనే యుద్ధనౌక జపాన్ వద్ద సరుకు ఓడతో ఢీకొని ఏడుగురు నావికులు మరణించాక, రాడార్‌ను సరిగా వాడలేదని నౌకాదళం సొంత నివేదికే తేల్చింది. కాగితం, పెన్సిల్, దిక్సూచి మళ్లీ బ్రిడ్జి మీదికి వచ్చాయి. మరోవైపు 2019లో కోస్ట్ గార్డ్, గత ఐదేళ్లలో రాడార్‌ను నిత్యం వాడే పనిలో కనీసం ఏడాది గడిపిన వాణిజ్య నౌకాధికారులకు పునశ్చరణ కోర్సును మినహాయించింది.

ఆ మినహాయింపు అన్యాయమేమీ కాదు. రోజూ చేసే పనికి ఐదేళ్లకోసారి మళ్లీ బడికి పోవడం ఖర్చుతో కూడినది. కానీ తెరను రోజూ చూడటం, తెర చెప్పినదాన్ని రోజూ సరిచూసుకోవడం ఒకటి కావు. యంత్రం గీసిన గీతను, అవసరమైతే తాను గీయగలిగినవాడే శంకించగలడు. రాడార్ అబ్జర్వర్ అర్హత తొలిసారి కోరే అభ్యర్థి చేత నేటికీ ప్లాటింగ్ చేయించడం అందుకే.